మా ఇంటి దుబాసీ

ఈ రోజు పొద్దున నేను మా అమ్మాయి చేత అబద్ధం ఆడించాను. ఆడమని నోటితో అనలేదు. అంతకన్నా హీనమైన పని చేశాను. నా అబద్ధాన్ని దాని నోట్లో పెట్టి, ఎదుటి మనిషికి అందించమన్నాను. అది అందించింది, ఆపైన తప్పు తన మీద వేసుకుంది. నేను చూస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత స్కూటరెక్కి ఆఫీసుకి వెళ్ళిపోయాను.

పిల్లలున్న ఇళ్ళలో ఇలాంటి పొరపాటు ఎంత ముద్దుగా మొదలవుతుందో నాకు ఇవాళ్టిదాకా తెలియలేదు. నాలాంటి తండ్రులు ఇంకొందరు ఉండే ఉంటారు. వాళ్ళు చదువుతారని రాస్తున్నాను.

మాది యానాం. ఉద్యోగం బదిలీ అయితే పుదుచ్చేరి వచ్చాం. ఇందిరా నగర్‌లో ఒక ఇంటి మేడ మీద వాటాలో ఉంటాం. కింద వాటాలో ఇంటావిడ ఉంటారు. భర్త పోయిన పెద్దావిడ, ఒక్కరే. మా అమ్మాయి ఆవిడని పాట్టి అంటుంది. తమిళంలో అమ్మమ్మ అని. దాన్ని చూసి మేమూ పాట్టి అనడం మొదలుపెట్టాం. నా భార్యకి ఆసుపత్రి ల్యాబులో పని. నాకు ఆఫీసు. బడి నుంచి వచ్చిన పిల్ల మేం ఇల్లు చేరేదాకా పాట్టి దగ్గరే ఉంటుంది. ఆవిడ పెట్టింది తింటుంది, ఆవిడ అరుగు మీదే హోంవర్కు చేసుకుంటుంది. మేం ఇద్దరం ధైర్యంగా ఉద్యోగాలు చేసుకుంటున్నామంటే ఆ అరుగు చలవే.

వచ్చిన కొత్తలో మా ముగ్గురికీ తమిళం రాదు. అమ్మాయి బడిలో రోజూ ఏడ్చేది. ఏడాది తిరిగేసరికి దానికి తమిళం గడగడా వచ్చేసింది. నా భార్య ఆసుపత్రిలో మనుషులతో మాట్లాడక తప్పదు గనక పనికి సరిపడా నేర్చుకుంది. నేను మాత్రం, ఇంట్లో ఒకరికి వచ్చాక ఇంక నాకెందుకని ఊరుకున్నాను. ఆఫీసులో ఇంగ్లీషుతో గడిచిపోతుంది. బయట ఎక్కడికి వెళ్ళినా దాన్ని వెంటబెట్టుకెళ్ళేవాణ్ణి. చేపల దగ్గర, గ్యాసు ఆఫీసులో, మందుల షాపులో, "అడగమ్మా," "ఏమంటున్నాడో చెప్పమ్మా" అంటే చాలు.

మా వీధి మొదట్లో కిరాణా కొట్టు ఉంది. కొట్టాయనవి తెలుగు మూలాలే. తాతల నాడే ఇక్కడ స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటారు గానీ చదవడం రాదు. నేను ఒక్కణ్ణే కనబడితే ఆయనకి వేళాకోళం.

"ఏంది సార్, ఒంటిగా వచ్చినారే. దుబాసీ యాడ?"

"స్కూలుకెళ్ళిందండి."

"అట్లయితే మీకు ఇయ్యాళ నోరు లేదన్నమాట. ముందు కాలంలో ఈ ఊర్లో దొరలకే దుబాసీలు ఉండినారంట. ఇప్పుడు మీకుండాది. దొరబాబు కదా మీరు, ఏమి కావాలో చేత్తో చూపించండి, ఇస్తాను."

నేను నవ్వేవాణ్ణి. నిజం చెప్పాలంటే పొంగిపోయేవాణ్ణి. నా కూతురు దుబాసీ అని ఆఫీసులో కూడా చెప్పుకునేవాణ్ణి. ఒకసారి బడికి రమ్మంటే వెళ్ళాను. క్లాసు టీచరుగారు తమిళంలో ఏదో గట్టిగా చెప్పారు. ఏమిటమ్మా అంటే, మా అమ్మాయి చేతులు కట్టుకుని, "నేను క్లాసులో ఊరికే వాగుతున్నానంట నాన్నా. ఇంట్లో గట్టిగా చెప్పమంటున్నారు" అంది. ఆ ముక్క నేను పదిమందికి చెప్పుకుని నవ్వాను. పదకొండేళ్ళ పిల్ల తన మీద చాడీని తనే మోసుకొచ్చి నాకు అప్పజెప్పిందని, అప్పుడు దాని చెవులు ఎర్రబడ్డాయని, ఇప్పుడు గుర్తొస్తోంది.

ఇంకొకటి కూడా గమనించాను. నేను విసురుగా నాలుగు మాటలంటే అది రెండే చెప్పేది. అవతలివాళ్ళు విసుక్కుంటే నా దగ్గరికి వచ్చేసరికి ఆ విసుగు ఉండేది కాదు. అటూ ఇటూ మాటల గరుకు తీసి అందించేది. ఎవరూ నేర్పలేదు. ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య నిలబడే పిల్లకి దెబ్బ ఎటునుంచి వచ్చినా తనకే తగులుతుంది గనక తనంతట తనే నేర్చుకుంది. నేను దాన్ని తెలివి అనుకున్నాను.

కిందటి వారం అది పైకి వచ్చి చెప్పింది.

"నాన్నా, పాట్టి నీకు చెప్పమంది. మన బాత్రూంలో ఫ్లష్ ట్యాంకు కారుతూనే ఉందంట. కింద గోడలో ఎప్పుడూ నీళ్ళ చప్పుడేనంట. ప్లంబర్‌ని పిలవాలంట."

నేను ఫోన్ చూసుకుంటున్నాను. "చూద్దాంలే" అన్నాను.

రెండు రోజులాగి మళ్ళీ చెప్పింది. "చెప్పావుగా, చూద్దామన్నానుగా" అన్నాను. ఆ విసుగు కూడా పాట్టికి చేరి ఉండదు.

ఈ రోజు పొద్దున సగం గడ్డం గీసుకున్నాక కుళాయిలో నీళ్ళు ఆగిపోయాయి. ఆఫీసులో ఇన్‌స్పెక్షన్. పెద్దాఫీసరు వస్తున్నారు. నా భార్య అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయింది. మోటరు స్విచ్ కింద పాట్టి వాటాలో ఉంటుంది. మొహాన నురగ తుడుచుకోకుండానే, తువ్వాలు భుజాన వేసుకుని, బూట్ల లేసులు కట్టుకుంటున్న పిల్లని రెక్క పట్టుకుని కిందికి దిగాను.

"అడుగు. మోటరు ఎందుకు వెయ్యలేదో అడుగు."

అది అడిగింది. పాట్టి చేతిలో పాలగిన్నెతో బయటికొచ్చి నెమ్మదిగానే జవాబు చెప్పారు.

"నిన్న సాయంత్రం వేసిందంట నాన్నా. పై ట్యాంకు పొర్లేదాకా నిండిందంట. మన ఫ్లష్‌లోంచి పోయుంటాయంట. ముందే చెప్పి పంపింది కదా అంటోంది."

అది చివరి మాట అంటూ నా వైపు చూసింది. ఆ చూపులో నేరం మోపడం లేదు. ఇప్పుడు నువ్వు ఒప్పుకుంటే అయిపోతుంది అన్నట్టుగా ఉంది. అవును, చెప్పింది, నేనే మర్చిపోయాను అంటే సరిపోయేది. ప్లంబర్ వచ్చేవాడు, నీళ్ళు వచ్చేవి. కానీ పక్కింటివాళ్ళు గోడ మీంచి చూస్తున్నారు. నేను సగం గడ్డంతో, బనీనుతో ఉన్నాను. అలాంటప్పుడు తప్పు నాదని ఒప్పుకోవడం నా వల్ల కాలేదు.

"నాకెవరూ చెప్పలేదు" అన్నాను. "ఆ మాట చెప్పు ఆవిడకి."

"నాన్నా, నేను నీకు..."

"నువ్వు మధ్యలో మాట్లాడకు. నేనన్నది అన్నట్టు చెప్పు. మెత్తగా చేసి చెప్పకు. నాకెవరూ ఏమీ చెప్పలేదు, ఈ వయసులో ఇలా మాటలు మార్చడం బాగాలేదు అని చెప్పు."

అది చెప్పింది. ఈసారి ఏమీ తగ్గించలేదని పాట్టి మొహం చూస్తే తెలిసింది. ఆవిడ నా వైపు చూడలేదు. పాలగిన్నె గట్టు మీద పెట్టి పిల్ల వైపు వంగారు. ఆ ప్రశ్నలో నాకు తెలియని మాట ఒక్కటీ లేదు. నీకు చెప్పి పంపాను కదా కణ్ణూ, నాన్నకి చెప్పలేదా?

పిల్ల తల దించుకుంది. కట్టుకోని లేసు వైపు చూస్తూ, "మరందుట్టేన్ పాట్టి" అంది. మర్చిపోయాను, పాట్టి.

ఆ మాట నాకు తెలుసు. ఆఫీసులో రోజూ వింటాను. అంతకు ముందూ ఆ తర్వాతా కూడా నాకు మాట్లాడటానికి సమయం ఉంది. బయట స్కూల్ ఆటో హారన్ మోగింది. అది పైకెళ్ళి బ్యాగు తెచ్చుకుని, నా పక్కనుంచే వెళ్ళిపోయింది. నేను డ్రమ్ములో మిగిలిన నీళ్ళతో మొహం కడుక్కున్నాను.

ఇన్‌స్పెక్షన్ బాగానే జరిగింది. ఆఫీసరు నా ఫైళ్ళు చూసి మెచ్చుకున్నారు కూడా. మధ్యాహ్నం అన్నం సయించలేదు. సాయంత్రం ఏదైనా కొనిపెడితే మర్చిపోతుందిలే అనుకున్నాను. పిల్లల విషయంలో మనం ఆ మాట చాలా తేలిగ్గా అనుకుంటాం.

బడి వదిలే వేళ దాటాక పాట్టి ఫోన్ చేశారు. ఆవిడ నాకు ఎప్పుడూ ఫోన్ చెయ్యరు. చేసినా నాకు అర్థం కాదని ఆవిడకి తెలుసు. ఈసారి గట్టిగా, ఒక్కో మాటా విడగొట్టి అంటున్నారు. "సార్. పాప. వరలె." పాప రాలేదు.

స్కూటరు మీద ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. స్కూల్ ఆటో అతను గేటు దగ్గరే ఉన్నాడు. మా నాన్న వస్తున్నారు, మీరు వెళ్ళండి అని పాప చెప్పిందట. అందుకే వదిలేసి వచ్చాడట. అతనికి కొద్దిగా తెలుగు వచ్చు. "మీరు వస్తారని చెప్పింది సార్, నేను నమ్మినాను" అని రెండుసార్లు అన్నాడు. మా అమ్మాయి అంతకు ముందు అలాంటి అబద్ధం ఆడి ఎరగదు. పొద్దున్నే నేర్పించాను కదా.

బడికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. నా భార్యకి చెయ్యాలి. ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. పిల్ల కనబడటం లేదంటే ఎందుకని అడుగుతుంది. పొద్దున ఏం జరిగిందో చెప్పాలి. పిల్ల కనబడని ఆ నిమిషంలో కూడా నేను ఆలోచించింది ఆ విషయమే. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

పాట్టి అప్పటికే ఇంటికి తాళం వేసి, చెప్పులేసుకుని, వీధిలో పోతున్న ఆటోని ఆపి ఎక్కి కూర్చున్నారు. నన్నూ ఎక్కమని చెయ్యూపారు. సోలై నగర్ అన్నారు. నాకు తెలిసిన చోటే, సముద్రం ఒడ్డున చేపలవాళ్ళు ఉండే పేట. అక్కడెందుకు? ఆవిడ చేతులతో, ముక్కలు ముక్కలుగా చెప్పింది నాకు అర్థమైన మేరకు ఇది. మా అమ్మాయికి క్లాసులో బాగా దగ్గరి స్నేహితురాలు ఆ పేటలో ఉంది. కొన్నాళ్ళుగా జ్వరంతో బడికి రావడం లేదు. దాన్ని చూడాలని మా అమ్మాయి పాట్టితో రోజూ అంటోంది.

నాతో ఎప్పుడూ అనలేదు. అలాంటి పిల్ల ఒకతి ఉందని నాకు తెలియదు.

వీధి మొదట్లో కొట్టాయన ఆటోకి అడ్డంగా వచ్చాడు.

"ఏంది సార్, పాప రాలేదంట కదా. యాడికి పోతా ఉండారు? నేనూ వస్తాను ఉండండి, మీకు మాట్లాడను రాదు కదా."

రండి అనబోయాను. నోటి చివరికి వచ్చింది. పాట్టి ఆయన్ని తమిళంలో ఒక్క కసురు కసిరారు. కొట్టు ఎవరు చూస్తారని కాబోలు. "సరి సరి, పోయి రండి. ఫోన్ చెయ్యండి సార్. పావం, చిన్న బిడ్డ" అంటూ పక్కకి తప్పుకున్నాడు. అలా దుబాసీ లేకుండానే బయల్దేరాను.

ఆటోలో పాట్టి ఏడవడం మొదలుపెట్టారు. పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో చెబుతున్నారు. నాకు అర్థం కాదని మర్చిపోయి చెబుతున్నారో, అర్థం కాదన్న ధైర్యంతో చెబుతున్నారో తెలియదు. కానీ మాట మాటా కాకపోయినా సంగతి నాకు అర్థమైంది. నేను పైకి వెళ్ళాక, ఆటో ఎక్కబోతున్న పిల్లని ఆవిడ గేటు దగ్గర ఆపారట. నిన్ను నమ్మి చెప్పాను, నువ్వు చెప్పకపోబట్టి నేను మాట పడాల్సి వచ్చింది, ఇంక నీకు ఏ పనీ చెప్పను అన్నారట. పిల్ల బ్యాగు సర్దుకుని ఆటో ఎక్కేసిందట. నేను అనకుండా ఉండాల్సింది, నా నోరు పడిపోను, నా వల్లే వెళ్ళిపోయింది అని తలకొట్టుకున్నారు.

అప్పుడు చెప్పాల్సింది. రెండు ముక్కలు చాలు, ఆ రెండు ముక్కల తమిళం నాకూ వచ్చు. ఆటో అతను అద్దంలోంచి చూస్తున్నాడు. ముందు పిల్ల దొరకనీ, తర్వాత చెబుదాం అనుకున్నాను. ఒక ముసలావిడ చెయ్యని తప్పుకి పక్కన కూర్చుని ఏడుస్తుంటే, నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

అప్పుడే నా భార్య ఫోన్ చేసింది.

"పాట్టి ఫోన్ ఎత్తట్లేదేంటండీ? పాప వచ్చిందా?"

"ఫ్రెండ్ ఇంటికెళ్ళింది. తీసుకొస్తున్నా."

"ఏ ఫ్రెండ్? ఎవరు పంపారు?"

"వచ్చాక చెప్తా" అని పెట్టేశాను. రోజు మొత్తం మీద అది రెండో అబద్ధం. ఫ్రెండ్ ఇంట్లో ఉందని నాకేం తెలుసు?

సోలై నగర్‌లో ఆటో వెళ్ళే దారి అయిపోయింది. దిగి సందుల్లో నడిచాం. ఇళ్ళ మధ్య వలలు ఆరేసి ఉన్నాయి. ఆఖరి వరస ఇళ్ళ వెనక సముద్రం. ఆ చప్పుడు విని గబగబా అడుగులేశాను. పాట్టికి ఆ స్నేహితురాలి పేరు తెలుసు, ఇల్లు తెలియదు. మోకాళ్ళ నొప్పితో ఇసకలో నడవలేక ఒక అరుగు మీద కూలబడి, నువ్వు వెళ్ళి అడుగు అన్నట్టు చెయ్యి చూపారు.

నేను అడగాలి.

వల బాగుచేస్తున్న ఇద్దరు మగవాళ్ళ దగ్గరికి వెళ్ళాను. నోటికి వచ్చిన తమిళం, తెలుగు, ఇంగ్లీషు కలిపి, స్కూలు పిల్ల, యూనిఫాం, నీలం బ్యాగు, నా కూతురు అన్నాను. స్నేహితురాలి పేరు చెప్పాను. వాళ్ళకి ఏ ముక్క అర్థమైందో గానీ ఒకరు ఇటు, ఒకరు అటు చూపించారు. చేపలు ఎండబెడుతున్న ఒకావిడ నడుం మీద చెయ్యి వేసుకుని నన్ను ఎగాదిగా చూసి, ఆ పేరున్న పిల్లలు ఈ పేటలో బోలెడుమంది, వాళ్ళ నాన్న ఎవరు, ఏ పడవ అని అడిగింది. తెలియదు. తల్లి పేరు? తెలియదు. ఆవిడ పక్కనున్న మనిషితో అన్న మాట నాకు పూర్తిగా అర్థమైంది. కూతురి స్నేహితురాలు ఎవరో తెలియని తండ్రట.

చిన్నపిల్లలు నా వెనక పడ్డారు. నేనన్న మాటని నేనన్నట్టే అంటూ నవ్వుతున్నారు. కోపం రాలేదు. ఇంకా గట్టిగా అడిగాను. సగం సగం మాటలతో, తప్పులతో, చెమటలు కక్కుతూ ఇంటింటి ముందూ నిలబడి అడిగాను. ఇన్నాళ్ళూ మా అమ్మాయి కొత్త మనుషుల ముందు ఎలా నిలబడిందో ఆ సందుల్లో నాకు తెలిసింది. దానికి కనీసం భాష వచ్చు.

చివరికి ఆ వెక్కిరించే పిల్లల్లోనే ఒకతి, జ్వరం వచ్చిన అక్కయ్యా అని అడిగి, చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

రేకుల వసారాలో మా అమ్మాయి ఉంది. మంచం మీద దుప్పటి కప్పుకున్న పిల్ల పక్కన కూర్చుని, తన పుస్తకంలోంచి ఏదో చదివి వినిపిస్తోంది. ఆ పిల్ల తల్లి లోపల్నుంచి వచ్చి నన్ను చూసి, నాన్నకి తెలుసు, ఆయనే వస్తారని మీ పాప చెప్పింది అంది. మా అమ్మాయి నన్ను చూసి లేచింది. పరిగెత్తుకు రాలేదు. ఏడవలేదు. పుస్తకం బ్యాగులో పెట్టుకుని జిప్పు వేసుకుంది, బస్సు దిగబోతున్న మనిషిలా.

పాట్టి అరుగు మీద కూర్చున్నారని ఆ పిల్ల తల్లికి చెప్పాను. ఆ పిల్ల తల్లి పంపిన మనిషి చెయ్యి పట్టుకుని పాట్టి కుంటుతూ వచ్చారు. వస్తూనే పిల్లని పొదువుకుని ముద్దులు పెట్టారు. మర్చిపోతే ఏమైందే, నేను రోజుకి ఎన్నిసార్లు మర్చిపోతాను, ఒక్క మాటకే పాట్టి మీద కోపమా, ఇంక అననులే అంటున్నారు. ఆవిడ భుజం మీంచి మా అమ్మాయి నన్ను చూసింది. పొద్దున చూసిన చూపు కాదు. ఏమీ ఆశించని చూపు. అది పాట్టితో తన మాట వెనక్కి తీసుకోబోవడం లేదు. నన్ను పట్టివ్వబోవడం లేదు. జన్మంతా అలాగే ఆ మర్చిపోయిన పిల్లగా ఉండిపోవడానికి సిద్ధపడినట్టుంది.

"పాట్టీ" అన్నాను. వసారాలో అందరూ నా వైపు తిరిగారు. "పాప మరక్కలె. పాప సొన్నా. నాన్ దాన్ పొయ్ సొన్నేన్."

పాప మర్చిపోలేదు. పాప చెప్పింది. నేనే అబద్ధం చెప్పాను.

పాట్టి పిల్లని వదల్లేదు. నా మొహంలోకి చూశారు. మళ్ళీ చెప్పమన్నారు. అర్థం కాక అడగలేదని నాకు తెలుసు. మళ్ళీ చెప్పాను. పొద్దున ఎందుకు చెప్పలేదు, ఆటోలో నేను అంత ఏడుస్తుంటే ఎందుకు చెప్పలేదు అని అడిగారు. దానికి జవాబు వెతుక్కోవాల్సి వచ్చింది. మా అమ్మాయి పక్కనే ఉంది. ఒక్క మాట అందించలేదు. నేనూ దాని వైపు చూడలేదు.

"భయం" అన్నాను. ఆ మాట రెండు భాషల్లోనూ ఒకటే.

"పెద్దవాడివి, నీకే భయమైతే, ఇది ఏం చేస్తుంది?" అన్నారు పాట్టి. క్షమించానని అనలేదు. జ్వరం పిల్ల తల్లి ఏమీ విననట్టు లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది.

తిరుగు ఆటోలో పాట్టి మధ్యలో కూర్చున్నారు. మలుపు తిరిగాక మా అమ్మాయి ఆవిడ ఒడి మీదుగా ముందుకు వంగి అడిగింది.

"అమ్మకి ఏం చెప్పావ్?"

"ఫ్రెండ్ ఇంటికెళ్ళావని."

"అంతేనా?"

"అంతే. ఇంటికెళ్ళాక మిగతాది చెప్తాను."

"నన్ను చెప్పమనకు."

"అనను."

ఇంటికి వచ్చేసరికి నా భార్య మెట్ల మీద నిలబడి ఉంది. పిల్ల పక్కనుండగానే, నిలబడ్డచోటే మొత్తం చెప్పాను. ఫోన్ చెయ్యకుండా జేబులో పెట్టుకున్న సంగతి కూడా చెప్పాను. ఆమె అరుస్తుందనుకున్నాను. మెట్టు మీద కూర్చుండిపోయింది.

"అది మీకు రెండుసార్లు చెప్పడం నేనూ విన్నాను" అంది. "మీ మాటలు దాని చేత మోయిస్తుంటే చూస్తూనే ఉన్నాను. నేను మాత్రం తక్కువ చేశానా? మనకి మాటల్లేనప్పుడు, మీ నాన్నకి చెప్పు అన్నం చల్లారిపోతోందని, అని దాన్నే కదా పంపేదాన్ని?"

అది నిజం. నేనూ అదే చేసేవాణ్ణి. మీ అమ్మకి చెప్పు నాకు ఆకలిగా లేదని. తమిళం అక్కర్లేకుండానే మా ఇద్దరి మధ్య కూడా అది దుబాసీయే. ఈ ఊళ్ళో భాష రాని తండ్రిగా నేను చేసిన తప్పు, భాష వచ్చిన ఇళ్ళలో కూడా జరుగుతూనే ఉంటుందనిపించింది. అత్తాకోడళ్ళ మధ్యా, అన్నదమ్ముల మధ్యా, అలిగిన మొగుడూ పెళ్ళాల మధ్యా ఒక పిల్ల అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. ఆ పిల్లని కొట్టుకి వెళ్ళి ఉప్పు తెమ్మనండి, ఫోనెత్తి నాన్న స్నానం చేస్తున్నారని చెప్పమనండి, నిజంగా స్నానం చేస్తుంటేనే. మన కోపాన్నీ, మన సాకునీ, మన అలకనీ మాత్రం మనమే నడిచి వెళ్ళి చెప్పాలి. చెప్పడానికి మొహం చెల్లకపోతే ఆ మాట చెప్పదగ్గది కాదన్నమాట. పిల్లలు మాటల్ని మెత్తబరుస్తుంటే, ఎంత తెలివో అని మురిసిపోకుండా, ఎవరి గట్టిదనానికి భయపడుతున్నారో చూసుకోవాలి. ఇది ఎవరో చెబితే వినేవాణ్ణి కాదు.

వీధిలో దీపాలు వెలగకముందే ప్లంబర్‌కి నేనే ఫోన్ చేశాను. మూడుసార్లు పెట్టేశాడు, నాలుగోసారి అర్థం చేసుకుని వచ్చాడు. రబ్బరు వాషర్ అరిగిపోయిందట, మార్చి వెళ్ళాడు. మా అమ్మాయి గదిలోంచి బయటికి రాలేదు. వెళ్ళి గుమ్మంలో నిలబడి, తప్పు చేశానమ్మా అన్నాను. పుస్తకంలోంచి తలెత్తకుండా "ఊఁ" అంది. ఇంకేదైనా అనమని అడగలేదు. అడిగితే అది కూడా దాని మీద మరో పనే అవుతుంది.

ఇంకొకటి మిగిలింది. రేపటి నుంచి పిల్ల బడి నుంచి వస్తే ఎక్కడ ఉండాలి? పాట్టి దాన్ని మునుపటిలా చూస్తారా? ఇంత జరిగాక మాలాంటివాళ్ళ పిల్లని చూసే పని నాకెందుకు అంటే అనడానికి ఆవిడకి హక్కుంది. ఆ మాట అడగాలి. నేను వస్తానంది నా భార్య. వద్దన్నాను.

ఒక్కణ్ణే కిందికి దిగి తలుపు కొట్టాను. పాట్టి తలుపు తీసి, అలవాటుగా నా వెనక్కి, మెట్ల వైపు చూశారు.

"పాప ఎంగే?" పాప ఏదీ అని.

"పాప రాదు" అని నాకొచ్చిన తమిళంలో అన్నాను. "నేనే మాట్లాడతాను."

ఆవిడ పక్కకి జరిగి కుర్చీ చూపించారు. కూర్చున్నాను. పొద్దున అన్న ప్రతి మాటకీ విడివిడిగా క్షమాపణ చెప్పాలని మెట్లు దిగుతూ సిద్ధం చేసుకున్నవన్నీ మర్చిపోయి, మాటలు తడబడి, మధ్యలో ఆగి ఆగి, రేపటి నుంచి పాపని మునుపటిలా చూస్తారా అని అడిగాను. ఆవిడ తొందరపెట్టలేదు. నేను అయిందనిపించాక, ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టారు. చాలా చెప్పారు. కొంత కోపంగా, కొంత మామూలుగా. నాకు తెలియని చోటల్లా చెయ్యెత్తి, "పురియలె పాట్టి" అన్నాను. అర్థం కాలేదు అని. అన్నప్పుడల్లా ఆవిడ ఆగి, ఇంకా చిన్న మాటల్లో, మళ్ళీ మొదటినుంచి చెప్పారు.